సృష్టి చెప్పినవాడికి అన్నీ తెలిస్తే, గ్రంథంలో సైన్సు ఒక్క ముక్కైనా ఎందుకు లేదు?

ప్రశ్నల_పుట్ట
బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయం ఈమధ్య మళ్ళీ చదివా. ముందు వెలుగు, తర్వాత ఆకాశం, నేల, చెట్లు, ఆ తర్వాత సూర్యచంద్రులు, చేపలు, పక్షులు, జంతువులు, చివర్లో మనిషి. ఆరు రోజుల్లో అంతా అయిపోయింది. విశ్వం వయసెంతో లేదు, గెలాక్సీల ఊసు లేదు, కంటికి కనిపించని జీవుల మాటే లేదు. నక్షత్రాలనైతే పదహారో వచనం చివర ఒక్క ముక్కలో కానిచ్చేశారు.

రాసింది ఆనాటి మనుషులు, వాళ్ళకు తెలిసింది వాళ్ళు రాశారు అంటే నాకు పేచీ లేదు. కానీ చెప్పించింది సర్వజ్ఞుడు అంటున్నారు కదా. అలాంటప్పుడు ఆ కాలంలో ఎవరికీ తెలిసే వీల్లేనిది, మనం ఇవాళ సరిచూసుకోగలిగేది ఒక్క వాక్యం పెడితే ఏం పోయేది? "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది." నాలుగు మాటలు. దీనికి సమీకరణాలు కూడా అక్కర్లేదు.

ఒక్క బైబిల్ మీదే పడ్డానని అనుకోవద్దు. పురుషసూక్తానికైనా, ఇంకే గ్రంథానికైనా ఇదే ప్రశ్న. "నమ్మితే నీకే అర్థమవుతుంది" అనే జవాబు మాత్రం వద్దు. అది విని విని చెవులు తూట్లు పడ్డాయి.

తోకచుక్క
నక్షత్రాలను చివర్లో తోకలా తగిలించినందుకు అలగాల్సింది నేను. ఖగోళం చదువుకున్నవాళ్ళకు అంతకన్నా పరాభవం లేదు.

కాకిలెక్క
ఇందులో అంత బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది? ఆనాటి వాళ్ళకు చెప్పినా ఎక్కదు కాబట్టి చెప్పలేదు. "నేనెక్కడి నుంచి వచ్చాను" అని మూడేళ్ళ పిల్లాడు అడిగితే క్రోమోజోముల పాఠం చెప్తామా?

నక్షత్రకుడు
@కాకిలెక్క ఆనాటి వాళ్ళు మూడేళ్ళ పిల్లలని ఎవరు చెప్పారు మీకు? క్రీస్తుకు పూర్వం పదిహేడో శతాబ్దంలోనే బాబిలోన్ వాళ్ళు శుక్రగ్రహం ఎప్పుడు కనిపించిందో ఎప్పుడు మాయమైందో 21 ఏళ్ళ పాటు గమనించి రాసుకున్నారు. ఆ లెక్కల నకళ్ళు మట్టి పలకల మీద ఇప్పటికీ ఉన్నాయి. అంత ఓపిక ఉన్నవాళ్ళకు "ఆ చుక్క కూడా భూమిలాంటి ఒక గుండ్రటి లోకమే" అంటే అర్థం కాదా?

ఇంకోటి. పిల్లాడికి వివరాలు తగ్గించి చెప్తాం, నిజమే. వరస తప్పు చెప్పం. ఇక్కడ సూర్యుడి కంటే ముందే చెట్లు మొలిచాయి.

ప్రశ్నల_పుట్ట
అదీ నా బాధ. క్లుప్తంగా ఉంటే సర్దుకోవచ్చు. తారుమారుగా ఉంటే ఎలా?

అచ్చుతప్పు
పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా. కానివ్వండి.

రాళ్ళ_మనిషి
వృత్తిరీత్యా భూగర్భశాస్త్రం. నాకు దేవుడి తరఫున వకాల్తా ఏమీ లేదు, కానీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. "ఆధునిక సైన్సు" అంటే ఏ సంవత్సరపు సైన్సు?

భూమి వయసే తీసుకోండి. 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిల్ వంశావళులు కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. నవ్వకండి, ఆ కాలానికి అది బాధ్యత గల పండితుడి పనే. 1778లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ ఇనప గుండ్లు ఎర్రగా కాల్చి, అవి చల్లారడానికి ఎంతసేపు పడుతుందో చూసి, దాన్ని భూమి సైజుకు హెచ్చించి సుమారు 75 వేల ఏళ్ళు అన్నాడు. 1862లో లార్డ్ కెల్విన్ అదే చల్లారే సూత్రాన్ని గట్టి గణితంతో పట్టి 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు. 1897కి వచ్చేసరికి దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. ఆనాడు భౌతికశాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదు. మావాళ్ళు, అంటే రాళ్ళు చదివేవాళ్ళు, "ఇంత మందాన పొరలు పేరుకోవడానికి ఆ టైము చాలదు బాబూ" అని మొత్తుకుంటుంటే ఎవరూ వినలేదు. తర్వాత రేడియోధార్మికతతో రాళ్ళ వయసు కొలిచే దారి దొరికింది. చివరికి 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసం ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న సీసం రకాలు, కొలిచి 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. ఇవాళ్టికీ దాదాపు అదే అంకె.

అంతటితో అయిపోయిందా? విశ్వం విస్తరించే వేగానికి 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ ఇచ్చిన అంకెతో లెక్క కడితే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళు దాటలేదు. అంటే కొంతకాలం భూమి కన్నా విశ్వమే చిన్నది! ఇప్పుడది 1380 కోట్లు.

గ్రంథంలో 455 కోట్లు అని ఉందనుకోండి. 1897లో కెల్విన్ శిష్యులు "ఇదిగో, దైవవాక్యం శాస్త్రం ముందు తేలిపోయింది" అని వ్యాసాలు రాసేవాళ్ళు. మీరు అడుగుతున్నది సైన్సుతో సరిపోయే గ్రంథం కాదు. మీరు పుట్టిన కాలపు సైన్సుతో సరిపోయే గ్రంథం.

నక్షత్రకుడు
రాళ్ళ_మనిషి గారూ, పోస్టు అదిరింది. కానీ మీరు ప్రశ్నకు అడ్డం పడబోయి నాకే అందించారు. 1897లో నవ్వినవాళ్ళు 1956లో నోరు వెళ్ళబెట్టేవాళ్ళు కదా! అంతమంది పండితులు తప్పంటున్నా కదలకుండా నిలబడి చివరికి నెగ్గిన అంకె. అంతకు మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

కాకిలెక్క
మీ హ్యాండిల్‌కు తగ్గట్టే వెంటబడుతున్నారు సార్.

నక్షత్రకుడు
బాకీ వసూలయ్యేదాకా వదలను.

రాళ్ళ_మనిషి
నెగ్గేది, 1956 దాకా బతికుంటే. అంకెలు చేతిరాత ప్రతుల్లో ఎలా బతుకుతాయో చూడండి. ఆదికాండం అయిదో అధ్యాయంలో ఆదాము నుంచి నోవహు దాకా ఎవరికి ఎన్నో ఏట కొడుకు పుట్టాడో ఉంటుంది. హీబ్రూ ప్రతిలో ఒక లెక్క. గ్రీకు అనువాదంలో చాలామందికి అదనంగా తలా వందేళ్ళు. అందుకే గ్రీకు ప్రతి పట్టుకున్న బైజాంటైన్ వాళ్ళకు సృష్టి సంవత్సరం క్రీ.పూ. 5509, అషర్‌కు 4004. ఉన్న వందలే నిలవలేదు. అర్థంకాని 455 కోట్లను ఎవరో ఒక లేఖకుడు "పాపం, పైవాడెవడో సున్నాలు ఎక్కువ రాశాడు" అని సరిదిద్దకుండా ఉంటాడా?

ప్రశ్నల_పుట్ట
సర్వశక్తిమంతుడు ఒక లేఖకుడి చెయ్యి ఆపలేడా? సరే, అది వేరే గొడవ.

అచ్చుతప్పు
ప్రూఫ్‌రీడర్‌గా చెప్తున్నా, ఆ చెయ్యి ఎవరి తరమూ కాదు.

మెట్ల_మీద_విద్యార్థి
క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువుతున్నా. పాత నిబంధన మాకు రెండేళ్ళ పాఠం. అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి ఏంటంటే, ఆ అధ్యాయం ఎవరితో మాట్లాడుతోందో చూడాలి.

చుట్టుపక్కల బాబిలోన్ కథ నడుస్తోంది. అందులో మర్దుక్ అనే దేవుడు సముద్రరూపిణి తియామత్‌ను చంపి, ఆవిడ శరీరాన్ని రెండుగా చీల్చి సగంతో ఆకాశం చేస్తాడు. చంపిన ఇంకో దేవుడి నెత్తురుతో మనిషిని చేస్తారు, దేవతలకు చాకిరీ చెయ్యడానికి. ఈ పలకలు నినెవే శిథిలాల్లో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికాయి. 1876లో జార్జ్ స్మిత్ అనువాదం అచ్చువేస్తే ఐరోపా అంతా గగ్గోలు.

ఇప్పుడు ఆదికాండం చూడండి. యుద్ధం లేదు. ప్రతిపక్షం లేదు. సముద్రంలోని మహా జంతువులు అయిదో రోజు తయారైన ప్రాణులు, అంతే. పొరుగువాళ్ళు మొక్కే సూర్యుడు నాలుగో రోజుగానీ రాడు, వచ్చాక కూడా అప్పగించిన పనే, పగలు వెలుగివ్వడం, రోజులకూ కాలాలకూ గుర్తుగా ఉండటం. మనిషి చాకిరీకి పుట్టలేదు, దేవుని పోలికలో పుట్టాడు. ఆ రోజుల్లో ఇది మామూలు మాట కాదు, దేవుడి పోలిక అని చెప్పుకునే హక్కు రాజులకే ఉండేది.

చెట్లు ముందు సూర్యుడు తర్వాత అనే వరస గురించి. మొదటి మూడు రోజులు చోట్లు సిద్ధమవుతాయి, తర్వాతి మూడు రోజులు ఆ చోట్లలోకి ఉండేవాళ్ళు వస్తారు. ఒకటో రోజు వెలుగు, నాలుగో రోజు జ్యోతులు. రెండో రోజు నీళ్ళు ఆకాశం, అయిదో రోజు చేపలు పక్షులు. మూడో రోజు నేల, ఆరో రోజు జంతువులు మనిషి. ఇది కట్టడం, దినచర్య కాదు. పైగా రెండో అధ్యాయంలో వరస మారిపోతుంది, మనిషి ముందు, చెట్లు జంతువులు తర్వాత. రెండింటినీ పక్కపక్కనే పెట్టి కూర్చినవాళ్ళకు ఆ తేడా కనిపించలేదంటారా? కనిపించింది. వాళ్ళకు అది సమస్య కాలేదు.

గోడమీది_పిల్లి
ఇది చదివాక ఇటు దూకాలనిపిస్తోంది. ఇంకాస్త ఆగుతా.

ప్రశ్నల_పుట్ట
@మెట్ల_మీద_విద్యార్థి మీరు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. కానీ మీ జవాబు చివరికి ఎక్కడ తేలింది? అది సాహిత్యం, అది వాదన, ఆ కాలపు మనుషులు ఆ కాలపు మనుషులతో పెట్టుకున్న జగడం. ఇదే నేను మొదటి పోస్టులో "అయితే నాకు పేచీ లేదు" అన్నది. మీ కాలేజీ వాళ్ళు ఇది ఒప్పుకుంటే వేదిక మీద ప్రసంగాల్లో ఎందుకు చెప్పరు?

మెట్ల_మీద_విద్యార్థి
చెప్పేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. అయిదో శతాబ్దం మొదట్లోనే క్రైస్తవ పండితుడు అగస్టీన్ హెచ్చరించాడు: ఆకాశం గురించి, నక్షత్రాల గురించి అవిశ్వాసికి కూడా అనుభవంతో తెలిసిన సంగతులుంటాయి, గ్రంథం పేరు చెప్పి మనవాళ్ళు వాటి మీద తెలివితక్కువగా మాట్లాడితే నవ్వులపాలవుతాం అని. ఆయన దృష్టిలో ఆరు రోజులు అసలు గంటలతో కొలిచే రోజులే కావు. 1554లో ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్ ఇంకా సూటిగా అన్నాడు. శని గ్రహం చంద్రుడి కన్నా పెద్దదని ఖగోళ పండితులు నిరూపించారు, ఆదికాండం రాసినట్టు చెప్పే మోషే మాత్రం మామూలు కంటికి కనిపించేట్టు రాశాడు, ఖగోళం నేర్చుకోవాలనుకునేవాడు వేరే చోటికి వెళ్ళాలి అని. డార్విన్ కన్నా మూడు వందల ఏళ్ళు ముందు సంగతి ఇది. ఇప్పుడు సైన్సు తరిమితే పుట్టిన సాకు కాదు.

ప్రసంగాల్లో ఎందుకు చెప్పరంటే... నన్ను ఇంకా డిగ్రీ పూర్తి చెయ్యనివ్వండి.

అచ్చుతప్పు
😂 చివరి వాక్యానికి లైకు.

సనాతని_77
మీరంతా పడమటి గ్రంథాల దగ్గరే తిరుగుతున్నారు. సైన్సు లేదన్నది వాటికి వర్తిస్తుందేమో గానీ మనకు కాదు. బ్రహ్మకు ఒక పగలు, అంటే ఒక కల్పం, 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 455 కోట్లు అని పైన రాళ్ళ_మనిషి గారే చెప్పారు. ఏ టెలిస్కోపూ లేకుండా ఇంత దగ్గరికి ఎలా వచ్చారు? ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ అంతటివాడే 1980లో టీవీ సీరియల్లో ఈ మాట చెప్పి మెచ్చుకున్నాడు.

పాత_లెక్కల_పంతులు
సనాతని గారూ, కోపం తెచ్చుకోకండి, లెక్క లెక్కే. మీరు ఒక పూర్తి కల్పాన్ని తెచ్చి గడిచిన వయసు పక్కన పెట్టారు. అదే సంప్రదాయం ప్రకారం ప్రస్తుతం మనం శ్వేతవరాహ కల్పంలో, ఏడోదైన వైవస్వత మన్వంతరంలో, 28వ మహాయుగంలో కలియుగం మొదటి పాదంలో ఉన్నాం. సిద్ధాంత గ్రంథాల పద్ధతిలో కూడితే ఈ కల్పంలో గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్ళు. పోల్చాలంటే ఆ అంకెను పోల్చాలి. అది భూమి వయసులో సగం కూడా లేదు. సాగన్ కూడా ఆధునిక లెక్కల స్థాయికి దగ్గరగా వచ్చిన కాలమానం ఇదొక్కటేనని మెచ్చుకుంటూనే, అది యాదృచ్ఛికమే అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ సగం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

432 అనే అంకె సంగతి ఇంకా తమాషా. కలియుగం 4,32,000 ఏళ్ళు. బాబిలోన్ పూజారి బెరోసస్ జలప్రళయానికి ముందు పదిమంది రాజులు ఏలిన కాలం ఎంతన్నాడో తెలుసా? 4,32,000 ఏళ్ళు. అరవైలతో, పన్నెండులతో లెక్కపెట్టేవాళ్ళకు ఇలాంటి అంకెలు తేలిగ్గా తగులుతాయి.

కాకిలెక్క
నా పేరు మీరు పెట్టుకోండి పంతులుగారూ, నాకు అర్హత లేదని తెలిసింది.

సనాతని_77
కోపమేం లేదు. కానీ ఒకటి ఒప్పుకోండి. యజుర్వేదంలోనే పది, వంద, వెయ్యి నుంచి పరార్ధం దాకా, అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాల దాకా పేర్లున్నాయి. "ఆ కాలం వాళ్ళకు కోట్లు ఊహకందవు, అందుకే చెప్పలేదు" అనే వాదన కనీసం ఇక్కడ చెల్లదు. ఊహకు అందాయి.

పాత_లెక్కల_పంతులు
అది నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటా. పెద్ద కాలాన్ని చూసి జంకని మనస్తత్వం అది. నా అభ్యంతరం దశాంశాలు సరిపోయాయని చెప్పుకోవడం మీదే.

సనాతని_77
ఇంకా చెప్పాలంటే, ఋగ్వేదం పదో మండలం 129వ సూక్తం. ఏడే మంత్రాలు. అప్పుడు సత్తూ లేదు, అసత్తూ లేదు అని మొదలవుతుంది. ఈ సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా దీని తర్వాతే వచ్చారు కదా అంటుంది. పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకు కూడా తెలియదేమో అని ముగుస్తుంది. ప్రశ్నల_పుట్ట అడిగినదానికి ఇదే సరైన జవాబు. వివరం ఎందుకు లేదంటే, తెలియదని నిజాయితీగా చెప్పారు కాబట్టి.

నక్షత్రకుడు
పది నిమిషాల కింద 432 కోట్లు కచ్చితంగా తెలుసన్నారు. ఇప్పుడు తెలియదని చెప్పడమే గొప్పంటున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

(సూక్తం మాత్రం గొప్పదే. కాదనను.)

మెట్ల_మీద_విద్యార్థి
ఆ సూక్తం ఉన్న మండలంలోనే 90వది పురుషసూక్తం, 121వది హిరణ్యగర్భ సూక్తం. ఒక చోట పురుషుడి శరీరం నుంచి లోకం, ఇంకో చోట బంగారు గర్భం నుంచి, ఇంకో చోట "ఏమో". మూడూ ఒకే మండలంలో. ఆదికాండంలో రెండు అధ్యాయాల సంగతి లాంటిదే ఇదీ. పాతవాళ్ళకు ఒకే ఒక్క సరైన నివేదిక ఉండాలన్న పట్టుదల మనకున్నంత లేదు.

తోకచుక్క
నన్నడిగితే అసలు సంగతి ఇంకోచోట ఉంది. గ్రంథంలో లేనంత మాత్రాన చూసేవాళ్ళు చూడటం మానలేదు. పురాణాల్లో భూమి మధ్యలో మేరువు, చుట్టూ ద్వీపాలు, ఉప్పునీరు, చెరకురసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళ సముద్రాలు. అదే నేల మీద 499లో ఆర్యభటుడు భూమి గుండ్రమని, తన చుట్టూ తాను తిరుగుతోందని రాశాడు. పడవలో ముందుకు పోయేవాడికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపించే ఉదాహరణ ఆయనదే. గ్రహణం అంటే నీడ అన్నాడు.

తర్వాత వచ్చిన బ్రహ్మగుప్తుడు చిన్నవాడేం కాదు, నీడల లెక్క ఆయనకు కొట్టిన పిండి. అయినా ఆర్యభటుడి భూభ్రమణాన్ని ఎకసెక్కం చేశాడు, గ్రహణానికి రాహువు కారణం కాదనడం వేదానికి విరుద్ధమన్నాడు. 1030 ప్రాంతంలో మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ ఇది చదివి విస్తుపోయాడు. ఇంత లెక్క తెలిసినవాడు ఇలా రాశాడంటే జనంతో ఎందుకొచ్చిన తంటా అని సర్దుకున్నాడేమో అన్నాడు.

అందుకే నా భయం వేరు. గ్రంథంలో సైన్సు లేకపోవడం వల్ల జరిగిన నష్టం కన్నా, ఉందని పట్టుబట్టడం వల్ల జరిగిన నష్టం ఎక్కువ. ఒకవేళ నిజంగానే నాలుగు సరైన వాక్యాలు ఉండి ఉంటే అయిదోది వెతికేవాడిని "అవసరమేంటి, అంతా రాసే ఉందిగా" అని కూర్చోబెట్టేవాళ్ళు.

గోడమీది_పిల్లి
అయ్యో, ఇప్పుడు అటు దూకాలనిపిస్తోంది.

బల్లగుద్ది
తోకచుక్క చెప్పినదానికి తోడు. "మా గ్రంథంలో బిగ్ బ్యాంగ్ ముందే ఉంది" అనేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. బైబిల్లో యెషయా గ్రంథంలో ఆకాశాన్ని తెరలా పరిచాడని ఉంది, చూశారా విస్తరణ అంటారు. ఖురాన్ 21:30లో ఆకాశం భూమి కలిసి ఉంటే విడదీశామని ఉంది, అదీ బిగ్ బ్యాంగే అంటారు. హిరణ్యగర్భం సంగతి చెప్పనక్కర్లేదు. నా ప్రశ్న ఒక్కటే. 1929కి ముందు ఆ వాక్యాలు చదివి "అయితే విశ్వం విస్తరిస్తోంది, వెళ్ళి కొలవండి" అని ఒక్క వ్యాఖ్యాత అయినా ఎందుకు అనలేదు? వేల ఏళ్ళు కంఠస్థం చేశారు కదా. దొరికాక వెనక్కి వెళ్ళి వెతికితే ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

తోకచుక్క
అసలు బిగ్ బ్యాంగ్‌కు బీజం వేసిన జార్జ్ లెమైత్రే కేథలిక్ పురోహితుడు. 1927లో విశ్వం విస్తరణ మీద పేపరు, 1931లో ఆది పరమాణువు ప్రతిపాదన. 1951లో పోప్ పన్నెండో పయస్ "సైన్సు సృష్టిని రుజువు చేస్తోంది" అనే ధోరణిలో ప్రసంగిస్తే అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది ఈ పురోహితుడే. నా సిద్ధాంతాన్ని దేవుడికి సాక్ష్యంగా వాడకండి, రేపది మారితే ఏం చేస్తారు అన్నది ఆయన బెంగ. పోప్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రాళ్ళ_మనిషి
వరస గురించి ఒక మాట చేర్చాలి. ఒక్కో రోజును ఒక్కో యుగంగా సాగదీసి సర్దాలనుకునేవాళ్ళకు రాళ్ళు సహకరించవు. శిలాజాల్లో చేపలు 50 కోట్ల ఏళ్ళ నాటికే ఉన్నాయి, పండ్ల చెట్లు, అంటే పూసి కాసే మొక్కలు, వాటికి చాలా తర్వాత. పక్షులు నేల మీద తిరిగే డైనోసార్ల నుంచి వచ్చాయి కాబట్టి నేల జంతువులే ముందు. రోజును ఎంత లాగినా క్రమం మారదు కదా. విద్యార్థి చెప్పిన కట్టడం వాదనే మేలు, అది కనీసం రాళ్ళతో తగాదా పెట్టుకోదు.

అచ్చుతప్పు
1857లో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి మందు కనిపెట్టాడు. దేవుడు ప్రపంచాన్ని పాతదిగా కనిపించేలా చేశాడట. చెట్లలో వలయాలు, రాళ్ళలో శిలాజాలు, ఆదాముకు బొడ్డు, అన్నీ రెడీమేడ్. అటు భక్తులకూ నచ్చలేదు, ఇటు శాస్త్రజ్ఞులకూ నచ్చలేదు. రాళ్ళ మీద దేవుడు అంత పెద్ద అబద్ధం రాశాడంటే నమ్మలేనని ఆయన స్నేహితుడైన పాస్టరే ఉత్తరం రాశాడు.

రాళ్ళ_మనిషి
నా జీతం ఆ అబద్ధం మీదే నడుస్తోందన్నమాట.

రాత్రి_డ్యూటీ
ఆసుపత్రిలో నర్సుని. మీ గెలాక్సీలు, కల్పాలు నాకు పట్టవు. రాళ్ళ_మనిషి గారి వాదన కూడా ఒప్పుకుంటా, అంకెలు మారతాయి, నిలవవు. కానీ మారని సంగతులు కొన్ని ఉన్నాయి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు అమాంతం పడిపోయాయి. కారణం ఆయనకూ పూర్తిగా తెలియదు, సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా రాలేదు. తెలియకుండానే పని చేసింది. 1796లో జెన్నర్ ఆవు పొక్కు రసితో మశూచికి అడ్డుకట్ట వేశాడు. ఆవులూ ఉన్నాయి, మశూచీ ఉంది, సూదిమొనా ఉంది. వేల ఏళ్ళుగా అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. చెప్పేవాడే లేడు.

"పురుడు పోసే ముందు చేతులు సబ్బుతో కడుక్కో." ఇది మూడేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతుంది కాకిలెక్క గారూ. కాపీ చేసేవాడు తప్పు రాసినా పెద్దగా పాడవదు. సైన్సు మారితే ఇది మారదు. ఇలాంటి ఒక్క వాక్యం లేదు. నా ముందు తల్లులు పోయిన రోజులున్నాయి కాబట్టి దీన్ని తమాషాగా తీసుకోలేను.

గోడమీది_పిల్లి
...

కాకిలెక్క
దీనికి నా దగ్గర మాట లేదు.

జ్ఞానసుందరం
కాస్త న్యాయంగా చూద్దాం. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో శిబిరం బయట గుంట తవ్వి మలాన్ని మట్టితో కప్పమని ఉంది. సంఖ్యాకాండం 19లో శవాన్ని ముట్టినవాడికి స్నానం, బట్టలు ఉతకడం, ఏడు రోజుల మైల. చర్మవ్యాధి ఉన్నవాళ్ళను వేరుగా ఉంచడం. ఇవి పాటించిన జనం ఎన్నో అంటురోగాల నుంచి తప్పించుకుని ఉంటారు. కారణం చెప్పకుండా నియమం ఇచ్చాడు, సెమ్మెల్‌వైస్ చేసిందీ అదే కదా.

రాత్రి_డ్యూటీ
గుంట తవ్వడం మంచిదే, దండం పెడతా. అయితే లేవీయకాండం 14లో ఇంటి గోడకు పట్టిన బూజు పోయాక ఒక పక్షిని చంపి ఆ నెత్తురు ఇంటి మీద ఏడుసార్లు చల్లమని కూడా ఉంది. శుభ్రత నియమం అనుకుంటే ఇది తేడా కొడుతుంది. నా అనుమానం, అక్కడ లెక్కలోకి వచ్చింది మడి. క్రిమి కాదు. రెండూ కొన్నిచోట్ల కలిశాయి, అంతే.

బల్లగుద్ది
11వ అధ్యాయంలో గబ్బిలం పక్షుల జాబితాలో ఉంది. కుందేలు నెమరు వేస్తుంది.

జ్ఞానసుందరం
కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తిని రెండోసారి అరిగించుకుంటుంది. నెమరు లాంటిదే.

బల్లగుద్ది
పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే.

తోకచుక్క
రామాయణంలో పిడకల వేట. కుందేలును వదిలెయ్యండి బాబూ.

జ్ఞానసుందరం
సరే, వదిలేశా. అసలు వాదన చెప్తా. తిరుగులేని రుజువు పుస్తకంలో పెడితే ఇక నమ్మకానికి చోటెక్కడ? అందరూ ఒప్పుకోక తప్పదు. దేవుడికి కావలసింది బలవంతపు ఒప్పుకోలు కాదు.

నక్షత్రకుడు
మోషే ఎదుట సముద్రం రెండుగా చీలినప్పుడు ఆ బెంగ లేదా? అప్పటివాళ్ళకు కళ్ళముందు అద్భుతాలు, మనకు మాత్రం నమ్మకం పరీక్ష. పైగా రాత్రి_డ్యూటీ గారు అడిగింది రుజువు కాదు. తల్లుల ప్రాణాలు.

పాత_లెక్కల_పంతులు
నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. ఏటా ఒకరైనా అడిగేవాళ్ళు, సార్ ఈ పాఠం నిజమా, ఇంట్లో చెప్పింది నిజమా అని. "ఆ కథ రాసినవాళ్ళు ఏ ప్రశ్నకు జవాబు చెప్తున్నారో ముందు కనుక్కురా" అని పంపేవాణ్ణి. కొందరు కనుక్కుని వచ్చేవాళ్ళు. కొందరు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

ప్రశ్నల_పుట్ట
ఇంతదాకా వచ్చిందాన్ని బట్టి చూస్తే నా ప్రశ్న రెండు ముక్కలైంది. విశ్వం వయసు, గెలాక్సీలు, వరస, ఇవి వదిలేస్తా. రాళ్ళ_మనిషి, విద్యార్థి చెప్పింది నాకు సరిపోయింది. ఆ అధ్యాయం వేరే పని మీద ఉంది. రాత్రి_డ్యూటీ గారి ప్రశ్న మాత్రం వదలను. దాన్ని కట్టడమని, సాహిత్యమని పక్కన పెట్టడం కుదరదు. విద్యార్థీ, మీ దగ్గర ఏమైనా ఉందా?

మెట్ల_మీద_విద్యార్థి
సూటి జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్ళను నేను నమ్మను కూడా. గ్రంథం లోపలే ఇదే ప్రశ్న ఒకడు అడిగాడని మాత్రం చెప్పగలను. యోబు. పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు, ఎందుకిలా చేశావో చెప్పమని దేవుణ్ణే నిలదీస్తాడు. 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడటం మొదలుపెడతాడు. సృష్టి గురించి బైబిల్లో ఇంత పొడుగ్గా ఇంకెక్కడా లేదు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావు, మంచు ఎక్కడినుంచి వస్తుంది, కృత్తికలను నువ్వు కట్టగలవా, అడవి మేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా. దాదాపు అన్నీ ప్రశ్నలే. ఎలా చేశాడన్న వివరం ఉండదు, యోబు అడిగినదానికి జవాబూ ఉండదు. ఆ పుస్తకాన్ని అలాగే, జవాబు లేకుండానే, గ్రంథంలో ఉంచుకున్నారు.

రాత్రి_డ్యూటీ
కనీసం అడిగినవాణ్ణి తప్పుపట్టలేదు కదా?

మెట్ల_మీద_విద్యార్థి
తెలియక మాట్లాడుతున్నావని మందలించాడు. కానీ చివర్లో కోపగించింది దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని సంజాయిషీలు చెప్పిన ముగ్గురు స్నేహితుల మీద. యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగా మాట్లాడలేదంటాడు.

రాత్రి_డ్యూటీ
అయితే ఆ పుస్తకం చదువుతా.

నక్షత్రకుడు
అడిగినదానికి జవాబు చెప్పకుండా డెబ్భై ఎదురు ప్రశ్నలు వెయ్యడం ఈ ఫోరంలోనే పుట్టిందనుకున్నా.

జ్ఞానసుందరం
జలప్రళయం గురించి కూడా ఇక్కడే మాట్లాడుకుందామా?

రాళ్ళ_మనిషి
వద్దు. వేరే థ్రెడ్ తెరవండి, వస్తా. అవక్షేపాల ఫోటోలు కూడా తెస్తా.